మంగళవారం గోళ్ళు

నేను ఒక గోళ్ళ కర్రను. ఈ పేరు నాకు రామచంద్రపురంలో తాయారు పెట్టింది. నేనొచ్చిన అట్టపెట్టె మీద ఇంగ్లీషులో ఇంకేదో పెద్ద పేరు ఉండేది గాని, ఆ పేరుతో నన్ను పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. మూరెడు కంటే కాస్త పొడవుంటాను. ఒక చివర పిడి, పిడి కింద వేళ్ళతో నొక్కే మీట. రెండో చివర చిలకముక్కులా వంగిన రెండు ఉక్కు దవడలు. పైన మీట నొక్కితే కింద దవడలు మూసుకుంటాయి. నడుం వంగనివాళ్ళు, పొట్ట అడ్డొచ్చేవాళ్ళు కుర్చీలో కూర్చునే తమ కాలిగోళ్ళు తామే తీసుకోవచ్చు. అందుకే నన్ను పుట్టించారు. ఇంతకు మించిన ఆశయాలు నాకెప్పుడూ లేవు.

పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఎక్కడో దూరాన రేకుల షెడ్డులో ఒక యంత్రం నా ఉక్కును వంచింది, ఇంకోటి సానబట్టింది. ఆఖర్న ఒకామె నా దవడల మధ్య సన్నటి ప్లాస్టిక్ బద్ద పెట్టి మీట నొక్కింది. టక్కున తెగింది. ఆమె తల కూడా ఎత్తకుండా నన్ను పెట్టెలో పడేసింది. నా చదువూ పరీక్షా పట్టా అన్నీ ఆ ఒక్క టక్కుతో అయిపోయాయి. ప్లాస్టిక్కుకు నొప్పి ఉండదన్న సంగతి ఆ పరీక్షలో లెక్కకు రాలేదు.

పెట్టె మీద ఒక బొమ్మ ఉండేది. తెల్లజుట్టు దొర ఒకాయన సోఫాలో కూర్చుని, నన్ను పట్టుకుని, నవ్వుతూ తన గోరు తనే తీసుకుంటున్నాడు. గదిలో ఆయన తప్ప మరో ప్రాణి లేదు. ఒంటరిగా గోళ్ళు తీసుకుంటూ అంత సంబరం దేనికో నాకు అప్పుడు అర్థం కాలేదు. దొరల సంగతి మనకెందుకులే అనుకుని ఊరుకున్నాను.

కాకినాడలో నడుం బెల్టులూ వాకర్లూ అమ్మే కొట్టులో చాలాకాలం వేలాడాను. అక్కడ మనుషుల్ని బాగా చూశాను. గుండెకు పడ్డ కుట్ల గురించి గొంతెత్తి చెప్పేవాళ్ళు కూడా కాలిగోళ్ళ దగ్గరికొచ్చేసరికి గుసగుసల్లోకి దిగిపోయేవారు. "మా బావమరిది కోసమండీ" అనేవారు. బావమరిది కోసం కొనేవాడు తన బూట్ల వంక అన్నిసార్లు చూసుకోడు. సిగ్గుపడాల్సిన వాటికి పడరు గాని, పెరగడమే పనిగా ఉన్న గోటికి మాత్రం ఎక్కడ లేని సిగ్గూ ముంచుకొస్తుంది వీళ్ళకి.

నూకరాజు మాత్రం సిగ్గుపడలేదు. "మా నాన్నకండీ. తుంటి ఆపరేషనైంది, వంగలేడు" అని నిక్కచ్చిగా అడిగి కొన్నాడు. అతనికి రామచంద్రపురంలో సెలూన్ ఉంది. వచ్చింది మంగళవారం. మంగళవారం జుట్టూ గోళ్ళూ తీయించుకుంటే అరిష్టమని జనం నమ్మకం కాబట్టి ఆ రోజు సెలూన్లు మూసేస్తారు. ఊరివాళ్ళ అరిష్టమే వీళ్ళకు ఆదివారం. ఆ తీరిక రోజునే వీళ్ళు ఒకరి జుట్టు ఒకరు కత్తిరించుకుంటారు, ఒకరి గోళ్ళు ఒకరు తీసుకుంటారు. అరిష్టం సంగతేమిటని నూకరాజునడిగితే, అది బేరానికి వచ్చేవాళ్ళకే గాని చేసేవాళ్ళకు కాదంటాడు.

నన్ను ఇంటికి తెచ్చేసరికి వరండాలో అదే జరుగుతోంది. కుర్చీలో కూర్చున్న బక్కపలచటి ముసలాయన తాతారావు, నూకరాజు తండ్రి. ఆయన ఎదురుగా పీట మీద కూర్చుని, ఆయన పాదాన్ని తన మోకాలి మీద పెట్టుకున్న భారీ మనిషి బుల్లబ్బాయి. డెబ్భై దాటినా, ఇద్దరు మనవలకు పెళ్ళిళ్ళు చేసినా ఆయన బుల్లబ్బాయే. ఇద్దరివీ ఒకప్పుడు పక్కపక్క కొట్లు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎన్ని పెళ్ళిళ్ళయినా పెళ్ళికూతురి కాలిగోళ్ళు తీసే వేడుకకు ఈ ఇద్దరిలో ఒకరు వెళ్ళాల్సిందే. తన జుట్టు, తన గోళ్ళు తను ముట్టుకోకూడదన్నది వాళ్ళ వృత్తిలో పట్టింపు. అంచేత పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ వీడివి వాడు, వాడివి వీడు.

బుల్లబ్బాయి పనితనం నేను ఆ పూట చూశాను. పాదాన్ని గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, తుడిచి, తన పనిముట్ల పొదిలోంచి గోరుగల్లు తీశాడు. అది చిన్న ఉలిలాంటి పాతకాలపు పనిముట్టు. నా ముందు దానికి అందమా చందమా! కాని అది కదిలే ముందు ప్రతిసారీ ఆయన ఎడమచేతి బొటనవేలు గోరు కిందికి వెళ్ళి ఆనేది. తాతారావు పాదాలకు షుగరు వల్ల స్పర్శ పోయింది. నిప్పు పడ్డా తెలీదు. గోరు ఎక్కడ అయిపోయి కండ ఎక్కడ మొదలవుతుందో ఆ బొటనవేలే కనిపెట్టాలి.

"నొప్పుందేంట్రా?"

"నొప్పుంటే బావుణ్ణురా, కాలుందని తెలుస్తది" అన్నాడు తాతారావు.

తర్వాత బుల్లబ్బాయి తన కాలెత్తి తాతారావు కుర్చీ మీద పెట్టాడు. ఈయన తీశాడు. నడుం వంగకపోయినా ఆ చేతిలో వణుకు లేదు. అయ్యాక తాతారావు స్నానానికి లేచాడు. గోళ్ళు తీశాక స్నానం చేయకుండా ఇంట్లో తిరగరు వాళ్ళు. వాకరు టకటకలాడించుకుంటూ లోపలికి పోయాడు. బుల్లబ్బాయి గోడ పట్టుకుని, "అమ్మ నా మోకాళ్ళో" అంటూ లేచేసరికి నూకరాజు మనసు కలుక్కుమంది. నిజంగానే కలుక్కుమంది, అబద్ధం చెప్పను. పెట్టెలోంచి నన్ను తీసి చూపించాడు.

"ఇంక మీకు ఈ తిప్పలొద్దు బాబాయ్. దీంతో నాన్నే తీసేసుకుంటాడు. మీరు ఈ మోకాళ్ళతో ఇంత దూరం రానక్కర్లేదు."

బుల్లబ్బాయి నన్ను అటూ ఇటూ తిప్పాడు. "దోటిలా ఉందిరా. జాంకాయలు కోసుకోవచ్చు" అన్నాడు. నన్ను తిరిగిచ్చేస్తూ, "మీ నాన్నే తెమ్మన్నాడేంటి?" అని అడిగాడు.

నూకరాజు తల గోక్కున్నాడు. "ఆయనకీ సుఖమే కదా బాబాయ్."

అవునని కాదు, కాదని కాదు. మనుషులు ఇలాంటి జవాబులు చెప్పి, అవతలివాడు సరిగ్గా అర్థం చేసుకుంటాడని ధీమాగా ఉంటారు. బుల్లబ్బాయి పొది కట్టుకున్నాడు. నూకరాజు భార్య తాయారు కాఫీ తెచ్చేసరికి వీధిమొగ దాటిపోయాడు. తాతారావు తడితలతో వచ్చి, "వాడేడే?" అన్నాడు.

"ఏదో పనున్నట్టుందండి, ఎల్లిపోయారు" అంది కోడలు.

తర్వాతి మంగళవారం తాతారావు పెందలాడే కాఫీ తాగి, పీట వేయించుకుని, వేడినీళ్ళు పెట్టించి కూర్చున్నాడు. నీళ్ళు చల్లారిపోయాయి. ఆ పై మంగళవారమూ అంతే. మూడోసారి తాయారు పీట వేస్తుంటే వద్దన్నాడు.

"నా కాలు కంపు కొడతందేమోనమ్మా. ఆయాళ వాడి మొహం అదోలా ఉంది. అసయ్యించుకున్నాడు."

"ఛ, అయ్యేం మాటలండీ మావయ్యగారూ! ఓసారి కబురెట్టమంటారా?"

"పిలిచి పట్టించుకుంటానా కాళ్ళు? రావాలనిపిస్తే ఆడే వస్తాడు."

నూకరాజు అది విని, "మోకాళ్ళ నొప్పులు నాన్నా ఆయనకి. నీకు కర్ర తెచ్చాగా" అన్నాడు. తను అన్న మాట అతనికి గుర్తు కూడా లేదు. మంచి చేసినవాళ్ళకు సాధారణంగా గుర్తుండదు. నాకు తెలుసు అసలు సంగతి. చెప్పడానికి నోరేదీ? ఉన్న నోరు గోళ్ళు కొరకడానికే.

గోళ్ళు మాత్రం ఎవరి అలకా పట్టించుకోకుండా పెరిగాయి. దుప్పటికి పట్టేవి. బొటనవేలి గోరు పక్కకు తిరిగి కండలోకి దిగడం మొదలెట్టింది. ఒక మధ్యాహ్నం తాయారు పడుకున్నాక తాతారావు నన్ను చేతిలోకి తీసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక తన గోరు తను తీసుకోవడం ఆయనకు అదే మొదలు. కాసేపు ఊరికే పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత టక్. చిటికెన వేలు బాగానే వచ్చింది. టక్, టక్. ముసలాయన మొహంలో చిన్న సంతోషం కూడా కనిపించింది. పెట్టె మీది దొరలాగా ఇప్పుడు నవ్వుతాడేమో అనుకున్నాను.

బొటనవేలి దగ్గర నా దవడల మధ్యకు గోరూ వచ్చింది, కండా వచ్చింది. ఏది ఏదో నాకు తెలీదు. ఆ పాదానికీ తెలీదు. అంత దూరం నుంచి ఆయన కళ్ళకు ఆనలేదు. ఆయన మీట గట్టిగా నొక్కాడు, నేను మూసుకున్నాను. తెలియగలిగింది ఒక్కటే, గోరు కింద ఆనే బుల్లబ్బాయి బొటనవేలు. అది రెండు వీధులవతల అలిగి కూర్చుంది.

సాయంత్రం తాయారు లేచి వరండాలో ఎర్రటి మరకలు చూసి కుంకం భరిణె ఒలికిందేమో అనుకుంది. చీపురు తెచ్చాక తెలిసింది, అవి మామగారి అడుగులని. ఆయన ఆ కాలితోనే ఇల్లంతా తిరిగాడు.

"అయ్యో అయ్యో, చూసుకోలేదాండీ!"

"ఏంటమ్మా?" అన్నాడాయన, నిజంగానే తెలియక.

పసుపు పెట్టారు, కట్టు కట్టారు. మానలేదు. వేలు ముందు ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. తాయారు నన్ను తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకుని ఆయనతో పాటు ఆసుపత్రికి తెచ్చింది. డాక్టరుకు చూపించింది. ఆయన నా మీట రెండుసార్లు నొక్కి చూశాడు.

"వస్తువు మంచిదేనమ్మా, స్పర్శ ఉన్నవాళ్ళకి. ఈయన పాదాలు మాత్రం తెలిసినవాళ్ళు దగ్గరుండి పట్టుకుని చూసుకోవాలి. ఇన్నాళ్ళూ ఎవరు చూసేవారు?"

తాతారావు గోడ వైపు తిరిగాడు. డాక్టరు నూకరాజును పక్కకు పిలిచాడు. వేలు తీసేస్తే పాదం దక్కుతుందన్నాడు. ఆలస్యమైతే ఎంతవరకు తీయాలో తను చెప్పలేనన్నాడు.

ఆ సాయంత్రం తాయారు ఇంటికి పోలేదు. సంచీ భుజాన వేసుకుని నేరుగా బుల్లబ్బాయి ఇంటికి వెళ్ళింది. ఆయన అరుగు మీద ఉన్నాడు.

"ఏం చిన్నమావయ్యగారండీ, ఇంత పంతమా? మనిషి ఉన్నాడో పోయాడో అని కూడా చూడరా?"

"నేనెందుకమ్మా? దోటి తెప్పించుకున్నాడుగా."

"ఎవరు తెప్పించుకున్నారండీ? ఆయనకి తెలీనే తెలీదు. మా ఆయన తెచ్చారు. మావయ్యగారు పీటేసుకుని, నీళ్ళెట్టుకుని మీకోసం కూర్చున్నారండి. మీరు అసయ్యించుకున్నారనుకుంటన్నారు." అంటూ సంచిలోంచి నన్ను తీసి అరుగు మీద విసిరింది. "దీంతో తీసుకుని ఏలు పోగొట్టుకుంటన్నారు."

బుల్లబ్బాయి నన్ను పక్కకు జరిపాడు. తన కాళ్ళ మీది పంచె పైకి లాగాడు. ఆ గోళ్ళు నేను చూశాను. పెరిగి, మురికి పట్టి, వంకర తిరిగి ఉన్నాయి. ఆయన కొట్లో ఇప్పుడు అల్లుడున్నాడు, పక్క సందులో వరసకు తమ్ముడున్నాడు. ఎవరైనా తీసేవారే.

"ఇంకోడి చేతిలో కాలెట్టడానికి మనసొప్పలేదమ్మా" అని, ఆ పెద్ద మనిషి పసివాడిలా ఏడ్చాడు.

వేలు దక్కలేదు. పాదం దక్కింది. నేను మళ్ళీ తాయారు సంచిలోకే చేరాను. ఆసుపత్రిలో వరండా అంతా తిరిగి నూకరాజు, "నేను మంచికే చేశానే" అన్నాడు తాయారుతో.

"మంచికేనండి. అడిగి చేస్తే ఇంకా బావుండేది" అంది.

ఇప్పుడు నేను ఇంటి వరండాలో మేకుకు వేలాడుతున్నాను. పొద్దున్నే తాయారు నన్ను తీసుకెళ్ళి గోడ పక్క నందివర్ధనం పైకొమ్మల్లో పూలు కోస్తుంది. బుల్లబ్బాయి చూడగానే చెప్పాడుగా, దోటినని. కాడ ఎక్కడ తెంపినా పువ్వు ఏమీ అనదు. నా చదువుకు తగిన ఉద్యోగమే అని నా అభిప్రాయం. అట్టపెట్టె పొయ్యిలోకి పోయింది, దొర నవ్వుతో సహా.

పుండు పూర్తిగా మానాక వచ్చిన మొదటి మంగళవారం మేకు మీంచి చూశాను. వేడినీళ్ళు వచ్చాయి, పీట వచ్చింది. బుల్లబ్బాయి మోకాళ్ళను తిట్టుకుంటూ కూర్చుని ఆ పాదాన్ని మోకాలి మీద పెట్టుకున్నాడు. అలవాటు కొద్దీ ఆయన బొటనవేలు ముందుగా అక్కడికే పోయింది, లేని వేలి దగ్గరికి. అక్కడే ఆగిపోయింది.

"ఒకటి తగ్గింది కదరా, నీకు పని తేలిక" అన్నాడు తాతారావు.

బుల్లబ్బాయి మెల్లగా పక్క వేలి గోరు కిందికి తన వేలు పోనిచ్చి ఒత్తాడు.

"తెలుస్తందేంట్రా?"

"లేదురా. ఏం తెలీట్లేదు."

"నాకు తెలుస్తందిలే. నువ్వు కదలకు" అని గోరుగల్లు అందుకున్నాడు.