చిరుత ఎదుట సముద్ర దోసకాయ

మార్చి నెల రాగానే మాదాపూర్‌లోని ఆ కార్యాలయంలో పనితీరును తూకం వేసే వారం మొదలవుతుంది. ఎవరి పని ఎలాంటిదో ఆ వారం అలాంటి ప్రాణి వారి వెంట వస్తుంది. గేటు దగ్గర సెక్యూరిటీవారు దానికీ ఒక విజిటర్ కార్డు తగిలించి లోపలికి పంపుతారు.

ఆ ఏడాది ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ జట్టుకు లీడ్ పదవి ఒక్కటే, అభ్యర్థులు ఇద్దరు. అది దక్కనివారు నెలాఖరుకు ఉద్యోగం వదులుకోవాలి. ఓంకార్ వెంట చిరుత వచ్చింది. చందానగర్ నుంచి వచ్చే రోహిణి చేతుల్లో గాజుతొట్టె ఉంది. అందులో ఇసుక మీద మందంగా, గోధుమరంగులో, సముద్ర దోసకాయ అనే మెత్తటి కడలి ప్రాణి పడుకుని ఉంది.

"ఏంది రోహిణీ, గిది పప్పులెయ్యాల్నా, తొక్కు నూరాల్నా?" అన్నాడు ఓంకార్.

"ఏదైనా సరే, ముందుగాల నీ పులి తిని చూడాలె."

డైరెక్టర్ వెంకటరామయ్య బోర్డు మీద రెండు గళ్లు గీసి, వేగం, దూకుడు, చూపు, గర్జన అని వరుసగా రాశారు. నాలుగూ చిరుతకే దక్కాయి. రెండో గడిలో నాలుగు సున్నాలు పడ్డాయి.

"దీనికి కళ్లు కూడా లేవండీ," అన్నారాయన విచారంగా.

రోహిణి లేచి నిలబడింది. "ఇంకో వరుస రాయండి సార్. దెబ్బ తాకినంక ఏమయితదో."

చిరుతకు ఆ మాట నచ్చలేదు. ఒక్క దూకులో బల్లెక్కి తొట్టెలోకి పంజా దించింది. దోసకాయ పారిపోలేదు. తన పేగులన్నీ జిగట దారాలుగా ఆ పంజా మీదికి వెళ్లగక్కి, ఖాళీ సంచిలా అడుగున వాలింది.

"అయిపాయె," అన్నాడు ఓంకార్.

"నిరుడు వానలల్ల సిస్టం కూలినప్పుడు మూడు నెలల నా పనిని నేనే పీకి పారేసి మళ్ల కట్టిన. గప్పుడు గూడ నువ్వు గిదే మాటన్నవ్."

వెంకటరామయ్య అయిదో వరుస రాసి, నిర్ణయాన్ని సాయంత్రం టీ వేళకు వాయిదా వేశారు.

టీ కప్పులతో అందరూ తొట్టె చుట్టూ చేరేసరికి దోసకాయ నిండుగా, నిగనిగలాడుతూ, కొత్త పేగులతో నింపాదిగా ఇసుక తింటోంది. అది దాటివచ్చిన మేర ఇసుక కడిగిన బియ్యంలా తెల్లబడింది. చిరుత మాత్రం అంటుకున్న జిగట వదిలించుకోలేక ఓంకార్ కుర్చీ కింద దూరి మూలుగుతోంది.

వెంకటరామయ్య లేచి చేతులు జోడించారు. "రోహిణి గారూ, ఈ జట్టు ఇక మీదండీ. ఓంకార్ తొలగింపు పత్రం మీద మీ తొలి సంతకం కావాలి."

ఆమె ఆ పత్రాన్ని అందుకుని నిలువునా చించేసింది. "ఉరికేటోడు గూడ కావాలె సార్. ఇగ నేను చెప్పిన దిక్కు ఉరుకుతడు."

హాలంతా చప్పట్లతో మారుమోగింది. రోహిణి ఆ కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి చాచింది. చిరుత ఒకసారి ఓంకార్ వంక చూసి, తల వంచి, తన పంజాను ఆమె అరచేతిలో పెట్టింది.