మ్యాప్‌లో మార్చిన దిక్కులు

మా మేనేజర్‌ని మేమంతా చాటుగా పచ్చ సారు అంటాం. రిపోర్టులో ప్రతి గడీ పచ్చగా ఉంటే చాలు ఆయనకి, బయట ఎవరి కొంప మునిగినా పట్టదు. ఆ రోజు పొద్దున్నే నన్ను పిలిచి ఒక కాగితం నా ముందుకు తోశాడు. మిల్లు దగ్గరి సెల్ టవర్‌లో ఏ లోపమూ లేదని అందులో రాసి ఉంది. కింద సంతకం పెట్టమన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆ టవర్ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు. కారు డాష్‌బోర్డు మీద నాలుగు ఫోన్లు బిగించుకుని టవర్ల చుట్టూ తిరుగుతూ సిగ్నల్ కొలవడం నా పని. డ్రైవ్ టెస్ట్ అని దానికో గొప్ప పేరు. పదకొండేళ్ళుగా గానుగెద్దులా తిరుగుతున్నాను.

ఆ టవర్ మీద మూడు యాంటెన్నాలు మూడు వైపులకి తిరిగి ఉంటాయి. ఒక్కో వైపుని సెక్టార్ అంటాం, ఒక్కోదానికి ఒక్కో నంబరు. మిల్లు టవర్ పెట్టిన రోజు ఎవరో మహానుభావుడు రెండు కేబుళ్ళు తారుమారుగా బిగించాడు. దానితో దక్షిణం సెక్టార్ నంబరు ఉత్తరం యాంటెన్నాలోంచి వెళ్తోంది. ఫోన్ మోగుతుంది, మాట వినిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. ఆరు నెలల కింద కారులో చుట్టూ తిరిగి పట్టుకున్నది నేనే.

కేబుళ్ళు విప్పి సరిగ్గా బిగిస్తే గంట పని. కానీ ఆ గంటసేపు టవర్ ఆపాలి. ఆపితే రిపోర్టులో ఒక గడి ఎర్రబడుతుంది.

“కేబుళ్ళ జోలికి పోకు. మన మ్యాప్‌లో ఆ రెండు సెక్టార్ల దిక్కులు మార్చెయ్, చాలు,” అన్నాడు పచ్చ సారు అప్పట్లో.

మా ఆఫీసులో అది మామూలే. మార్చాను. కాల్ తెగకుండా ఫోన్ ఒక సెక్టార్‌ నుంచి ఇంకోదానికి మారడాన్ని హ్యాండోవర్ అంటాం, అవీ చక్కగా జరిగాయి. ‘లోపం సరిచేయబడింది’ అని రాసి సంతకం పెట్టాను. అంబులెన్సు వాళ్ళు చూసే మ్యాప్ వేరే ఉంటుందని, అందులో పాత దిక్కులే ఉంటాయని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం నోరు మెదపలేదు.

పోయిన నెల మా బావకి పక్షవాతం వచ్చింది. అక్క డ్యూటీకి వెళ్ళింది, ఇంట్లో ఆయన ఒక్కడే. ఆయనది పాత బటన్ల ఫోను, తను ఎక్కడుందో అది చెప్పలేదు. అత్యవసర నంబరైతే నొక్కగలిగాడు గానీ మూలుగు తప్ప మాట రాలేదు. ఫోన్ ఎత్తినావిడ సెక్టార్ నంబరు చూసి అంబులెన్సుని టవర్‌కి దక్షిణం వైపు పంపింది. అక్కావాళ్ళిల్లు ఉత్తరాన. యాభై నిమిషాలు ఆ బండి గోదాముల మధ్య తిరిగింది. అక్క భోజనానికి వచ్చేసరికి ఆయన వంటగది గచ్చు మీద పడి ఉన్నాడు. ఇప్పుడు కుడి చెయ్యి లేవదు, మాట రాదు. ఆ సంగతి మీదే ఈ పొద్దున నా ముందుకొచ్చిన కాగితం.

“అడ్రస్ చెప్పకపోవడం పేషెంట్ తప్పు. నెట్‌వర్క్‌కి సంబంధం లేదు,” అన్నాడు పచ్చ సారు.

“నోరు పడిపోయిన మనిషి అడ్రస్ ఎలా చెప్తాడు సార్? ఆయన మా బావ!”

“గొంతు తగ్గించు. సరిచేశామని ఆరు నెలల కింద సంతకం పెట్టిందెవరు? నేనా?”

ఆ మొహం మీద ఆ కాగితం విసిరికొట్టాలనిపించింది. కానీ ఆయన అన్నది నిజం. ఆయన మీద ఎంత కోపం వచ్చిందో దానికి రెట్టింపు నా మీద నాకు వచ్చింది. సంతకం పెట్టకుండా బయటికొచ్చేశాను.

తిన్నగా మిల్లు టవర్‌కి వెళ్ళాను. టవర్లెక్కి పనిచేసే కుర్రాణ్ణి, మేం టవర్ అన్న అనేవాణ్ణి పిలిపించి, ఎవరినీ అడక్కుండా టవర్ ఆపించి కేబుళ్ళు మార్పించాను. నలభై నిమిషాలు పట్టింది. గంట కూడా కాదు! ఆ నలభై నిమిషాలకి ఏడ్చి, ఒక మనిషి నోటి మాట తీసేశాం.

అక్కడి నుంచి అక్క వాళ్ళింటికి వెళ్ళాను. అక్క బావకి చెంచాతో జావ తాగిస్తోంది.

“వచ్చావా! ఆ అంబులెన్సుని దారి తప్పించిందెవరో తెలిసిందా? నువ్వు ఆ పనిలోనే ఉన్నావు కదే. ఎవడైనా సరే వదలొద్దు. వాడికి నా ఉసురు తగలకపోదు,” అంది.

“నేనే అక్కా,” అన్నాను. మ్యాప్‌ సంగతి, సంతకం సంగతి, తెలిసీ ఊరుకున్న సంగతి అన్నీ చెప్పేశాను.

అక్క చెంచా గిన్నెలో పెట్టింది.

“నాకు కాదు. ఆయన వైపు తిరిగి చెప్పు. చెవులు బాగానే వినిపిస్తున్నాయి,” అంది.

మంచం వైపు తిరిగి మొదటి నుంచీ మళ్ళీ చెప్పాను. బావ కళ్ళు ఎర్రబడ్డాయి. ఎడమ చేత్తో మంచం పట్టె పట్టుకుని, మెడ నరాలు బిగిసేలా నోరు తెరిచాడు. ఎంత ప్రయత్నించినా ఒక్క మాట బయటికి రాలేదు. కడుపారా నన్ను తిట్టడానికైనా ఆయనకి నోరు మిగల్చలేదు నేను.