గేటుకు అడ్డంగా మంచాలు

రెండో అంతస్తు మెట్ల మలుపులో జ్ఞానమ్మ పడి ఉంది. పొద్దు గుంకుతున్న వేళ బిందె పట్టుకుని దిగుతున్న రబియాకు ముందు ఆమె చెప్పులు కనిపించాయి, తర్వాత ఆమె. కుడి చెవి తమ్మె రెండుగా చీలిపోయింది. మెడ మీదుగా కారిన రక్తం జాకెట్టులోకి ఇంకుతోంది. చెవులకు కమ్మలు లేవు.

"ఎవరక్కా? ఎవరు చేశారు?"

జ్ఞానమ్మ కళ్ళు తెరిచి, రబియా భుజం మీదుగా మెట్ల కిందికి చూసింది. "నేను చూళ్ళేదు" అంది. అడక్కపోయినా ఆ మాట మళ్ళీ అంది.

కింద మూసిన తలుపు వెనక ఎవరో నవ్వుతున్నారు.

నరసరావుపేట ఊరి చివర ప్రభుత్వం కట్టించిన ఇళ్ళలో ఆ బ్లాకు ఒక్కటీ ఒంటరి ముసలివాళ్ళది. మిల్లుల్లో, క్వారీల్లో, మిరప తోటల్లో ఒళ్ళు అరగదీసుకున్నవాళ్ళు తక్కువ అద్దెకని అక్కడికి చేరారు. రబియా చిలకలూరిపేట జిన్నింగు మిల్లులో దూది పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. అయినా లోపలినుంచి గడియ పెట్టుకునే ఇల్లు తనకంటూ ఒకటి దొరికిందని మొదట్లో సంబరపడింది.

ఆ సంబరం మెయింటెనెన్సు కాంట్రాక్టరు వచ్చేదాకానే. వాచ్‌మన్‌ని మానిపించారు. రిపేరని గేటు ఊడదీసుకుపోయారు, తిరిగి తేలేదు. మెట్ల మీది బల్బులు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఎవరైనా పోతేనో, ఖాళీ చేస్తేనో ఆ ఇంటికి కాంట్రాక్టరు మనిషి నాని తన తాళం వేసేవాడు. కొన్నాళ్ళకే అందులో పేకాట మొదలయ్యేది. ముక్కూ మొహం తెలియని మగవాళ్ళు మెట్ల మీద కూర్చుని తాగేవాళ్ళు. ముసలివాళ్ళు వెలుగుండగానే తిని, తలుపులు బిగించుకోవడం నేర్చుకున్నారు. అర్జీ పెడితే ఆఫీసరు కాంట్రాక్టరును అడగమన్నాడు. కాంట్రాక్టరు ఏనాడూ కనపడలేదు. కనపడేది నానీయే.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట.

"మామ్మ కాలుజారి పడింది. ఎస్సైగారికి అదే చెప్పా. మీరూ అదే చెప్పండి."

"పడితే కమ్మలేవి?" అని అడిగింది రబియా.

"నాకేం తెలుసు పెద్దమ్మా. ఈ వయసులో ఒంటరిగా ఉండటం మంచిది కాదు. భయమైతే ఖాళీ చెయ్యండి. సామాను నేనే దింపిస్తా."

వెళ్తూ వెళ్తూ వరండాలో ప్రతి తలుపునూ వేలితో తట్టుకుంటూ పోయాడు.

ఆ మధ్యాహ్నం డాబా మీద, నీళ్ళ ట్యాంకు నీడన అందరూ కూడారు. పిలిచింది ప్రభుదాసు. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు మోసి, యూనియన్ జెండా పట్టినవాడు. ఇప్పుడు కర్ర లేనిదే లేవలేడు.

"వాడు మనల్ని కొట్టి ఎల్లగొట్టడు. మనంతట మనమే పొయ్యేట్టు చేస్తాడు" అన్నాడు. "ఇయ్యాల జ్ఞానమ్మ. రేపు ఎవరో మీరే చెప్పండి."

రంగనాయకమ్మ తల అడ్డంగా ఊపింది. ఒకప్పుడు కూలీలను పెట్టి మిరపకాయలు కోయించిన ఇంటి కోడలు. పొలం పోయింది, మనిషీ పోయాడు. "నాకు ఈ గది తప్ప ఏం లేదు. ఎదిరిస్తే అదీ పోద్ది. నన్ను లాగమాకండి."

"నీ గది ఖాళీ అయితే అందులోనూ పేకాటే వదినా."

"అయితే ఏం చేద్దామంటావు అన్నా? నువ్వు లేవలేవు. రబియాకి ఊపిరాడదు. వాళ్ళు ఒక్క తోపు తోస్తే మనమేమైతాం?"

ఆమె అన్నది నిజమే. రబియా కొంచెంసేపు ఊపిరి కూడదీసుకుంది.

"మా మిల్లులో దూది అంటుకున్నప్పుడు బయట గడియ పెట్టుంది. దొంగతనం చేస్తామని మేనేజరు పెట్టించాడు. ఆడోళ్ళమంతా ఒక్కసారే తలుపు మీద పడ్డాం. ఒక్కదాన్నే అయితే కాలిపొయ్యేదాన్ని" అంది. "మనకి ఉరకటం చేతగాదు. పడుకోటం చేతనవుద్ది గదా. గేటు లేనికాడ మన మంచాలు ఏద్దాం. గేటొచ్చి, వాచ్‌మనొచ్చి, ఆ పేకాట గదుల తాళాలు తీసేదాకా అక్కడే తిందాం. లోపలికి రావాలంటే మన మీదుగా రావాలి."

మంచాలు దించడానికి సాయంత్రమయింది. ఒక్కో మంచానికి నలుగురు, ప్రతి మలుపులో ఆగి రొప్పడం. రంగనాయకమ్మ తలుపు తెరుచుకోలేదు. పేకాటకు వచ్చినవాళ్ళు గేటు దాకా వచ్చి, మంచాల మీద వరసగా కూర్చున్న ముసలివాళ్ళను చూసి, బండ్లు తిప్పుకుని పోయారు. ఆ రాత్రి చాలామంది చాన్నాళ్ళకు కంటినిండా నిద్రపోయారు.

తెల్లారేసరికి బ్లాకుకు కరెంటు లేదు, నీళ్ళూ లేవు. నాని రోడ్డుకు అవతల నిలబడి ఒక్కొక్కరి మొహాన్నీ ఫోనులో ఫొటో తీసుకున్నాడు. తొందరపడలేదు. పక్క బ్లాకుల ఆడవాళ్ళు నీళ్ళ బిందెలు తెచ్చిచ్చి, వాడివైపు చూడకుండా వెళ్ళిపోయారు.

ఒక ఉదయం జీపు వచ్చింది. "దారికి అడ్డం పెట్టించింది ఎవరు?" అన్నాడు ఎస్సై. నాని వేలు రబియా వైపు తిరిగింది. కర్ర అడ్డం పెట్టబోయిన ప్రభుదాసును ఒక కానిస్టేబులు పక్కకు నెట్టాడు. రబియాను జీపెక్కించారు.

స్టేషన్లో నాని కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. రబియాను గోడవారగా నిలబెట్టారు.

"ఇంక గొడవ చెయ్యనని వేలిముద్ర వెయ్యి" అన్నాడు ఎస్సై. "ముసలోళ్ళు ఎన్నాళ్ళు రోడ్డు మీద ఉంటారు? మిమ్మల్ని రోజూ ఎవరు కాస్తారు?"

"ఇప్పటిదాకా ఎవరు కాశారు సారూ?"

నాని నవ్వాడు. మూసిన తలుపు వెనక విన్న నవ్వు అదే. రబియా వేలిముద్రకు చెయ్యి చాపలేదు.

బయట ఆటోలు ఆగాయి. కర్రలు ముందు దిగాయి, తర్వాత మనుషులు. ప్రభుదాసు, అతని వెనక బ్లాకంతా, చివర జ్ఞానమ్మ చెయ్యి పట్టుకుని రంగనాయకమ్మ.

"నిన్ను జీపెక్కిస్తుంటే కిటికీలోంచి చూశా" అంది రంగనాయకమ్మ, రబియా మొహంలోకి సూటిగా చూడలేక. "తలుపేసుకుని ఎన్నాళ్ళు చూడను?"

"ఏంది ఈ గుంపు?" ఎస్సై లేచాడు.

జ్ఞానమ్మ రంగనాయకమ్మ చెయ్యి వదిలి ముందుకొచ్చింది. కట్టు కట్టిన చెవి మీద కొంగు లేదు. "ఆ రోజు చూళ్ళేదని చెప్పా. అబద్ధం. చూశా సారూ." చెయ్యెత్తి నాని వైపు చూపించింది. "నా నోరు మూసింది ఆ చెయ్యే. రాసుకోండి."

నాని టీ గ్లాసు కింద పెట్టాడు. ఒక్కొక్కరినీ పేరుపేరునా గుర్తుపెట్టుకుంటున్నట్టు నింపాదిగా చూశాడు. "ఇంటికి పొయ్యేది ఆ దారినే గదా పెద్దమ్మా" అని, ఫోను చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు.

రబియా గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. పక్కన ప్రభుదాసు, ఆ పక్కన మిగతావాళ్ళు. మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ, చివరికి రంగనాయకమ్మ కూడా కూర్చుంది.

"రాసేదాకా ఇక్కణ్ణించి లేవం సారూ" అంది రబియా. "రాశాక అందరం కలిసే పోతాం, ఆ దారినే."

రోడ్డుకు అవతల మోటారు సైకిళ్ళు ఒకటొకటిగా వచ్చి ఆగుతున్నాయి. తెరిచిన తలుపులోంచి చూసిన ప్రభుదాసు మెల్లగా ఆ సంగతి చెప్పాడు. జ్ఞానమ్మ అటు తిరగలేదు. ఎస్సై ముందున్న బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని, గొంతు పెంచింది.

"మొదట్నుంచీ చెప్తా. రాయండి."