రెండు గీతలు

ఉచ్చ పట్టిచ్చి ఉద్యోగం నిలబెట్టుకునే రోజులొచ్చాయి. చెప్పడానికి రోతగానే ఉంటుంది. చేయించినవాళ్ళకు లేని సిగ్గు చెప్పేవాళ్ళకు ఎందుకు?

ఆ బట్టల ఫ్యాక్టరీ షెడ్డులో ఎవరు ఏ ముక్క కుడితే అదే వాళ్ళ పేరు. చొక్కాలకు కాలర్లు కుట్టే ఆమె కాలరక్క. బొత్తాలు కుట్టేది బొత్తాల పిల్ల. నెలనెలా సూపర్‌వైజరు ఆడవాళ్ళ చేతికి ప్లాస్టిక్ కప్పులిచ్చి పరీక్ష చేయించేవాడు. కప్పులో ముంచిన పట్టీ మీద రెండు గీతలు పడితే కడుపుతో ఉన్నట్టు. ఆ సాయంత్రమే పని నుంచీ, హాస్టలు నుంచీ గెంటేసేవాడు.

బొత్తాల పిల్లను జోరువానలో రేకుపెట్టెతో సహా గేటు బయటకు నెట్టడం కాలరక్క కళ్ళారా చూసింది.

"సార్, ఇప్పుడు నేనెక్కడికి పోను?"

"కడుపు తెచ్చుకునేటప్పుడు నన్నడిగావా?" అన్నాడు వాడు, గొడుగు కింద నిలబడి నవ్వుతూ.

హాస్టలు వెనకాలే ప్రభుత్వం వారి యువజన ఆరోగ్య కేంద్రం ఉంది. అందులో నర్సు లేదు. ఆమెను ఎటో బదిలీ చేసి తలుపుకు తాళం వేశారు. బొత్తాల పిల్ల సంతలో కడుపు పోగొట్టే మాత్రలమ్మేవాడి దగ్గరికి పోయింది. వాడిచ్చినవి మింగి, బస్టాండు బెంచీ మీద నెత్తురు ఆగక చచ్చిపోయింది. మర్నాడు ఆమె మిషను ముందు ఇంకో పిల్ల కూర్చుంది.

అప్పుడు మేలుకుంది ప్రభుత్వం. నర్సును పంపిందా? లేదు. యువజన ఆరోగ్య వారం జరపమని ఒక ఆఫీసరమ్మను పంపింది. యువత లైంగిక ఆరోగ్యమే తమ మొదటి ప్రాధాన్యమని బ్యానర్లు కొట్టించింది. వాటిని దాచడానికి చోటులేక తాళం వేసిన ఆ కేంద్రంలోనే పడేశారు. రేపు ఆఫీసరమ్మ ఎదుటే అందరికీ పరీక్ష అన్నాడు సూపర్‌వైజరు.

మధ్యాహ్నం అన్నాల వేళ ఆడవాళ్ళంతా కుళాయిల దగ్గర చేరారు.

"ఇవ్వనే ఇవ్వొద్దు," అంది ఒకతె.

"ఇవ్వకపోతే కడుపుందని రాసేస్తాడే! పోయినసారి చూళ్ళేదూ?"

చొక్కాలకు చేతులు కుట్టే చేతులత్త నోరున్న మనిషి. "అందరం ఒక్కదానిదే పంచుకుని ఇద్దాం. ఏ భయమూ లేనిదాన్ని చూసి పట్టండి," అంది.

అందరూ జేబుల పిల్ల వైపు తిరిగారు. ఇరవై రెండేళ్ళొచ్చినా తలెత్తి మగవాణ్ణి చూడదు. గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడుతుంది.

"మనలో కడిగిన ముత్యం ఇదే," అంది కాలరక్క.

"నాది వద్దక్కా," అంది ఆ పిల్ల.

"సిగ్గెందుకే? కడవెడు నీళ్ళు తాగు, పుణ్యముంటుంది!"

అంతా పగలబడి నవ్వారు. ఆ పిల్ల ముఖం ఎవరూ సరిగ్గా చూడలేదు.

మర్నాడు బల్ల మీద కప్పులు వరసగా పెట్టారు. ఆఫీసరమ్మ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ప్రాధాన్యాల మీద ఉపన్యాసం దంచింది. సూపర్‌వైజరు మొదటి కప్పులో పట్టీ ముంచాడు. రెండు గీతలు. రెండోదానిలోనూ రెండే. వరస చివరికొచ్చేసరికి వాడి చొక్కా చెమటకు తడిసింది. షెడ్డు షెడ్డంతా కడుపుతో ఉంది!

ఎవరో కిసుక్కుమన్నారు. కాలరక్క మాత్రం జేబుల పిల్లను చూసింది. ఆ ముఖంలో నెత్తురుచుక్క లేదు. కాలరక్కకు అప్పుడర్థమైంది. నిన్న ఆ పిల్ల వద్దన్నది సిగ్గుతో కాదు.

"ఎవత్తెదే ఇది?" సూపర్‌వైజరు బల్ల చరిచాడు. "ఆ ఒక్కదాని పేరు చెప్పండి. మిగతావాళ్ళు బతికిపోతారు."

చేతులత్త నోరు తెరవబోయింది. కాలరక్క ఆమె కాలు గట్టిగా తొక్కింది.

"పట్టీలు పాడైపోయి ఉంటాయిలే," అంది ఆఫీసరమ్మ, గొడవ సర్దేద్దామని.

"పాడైపోయాయా మేడమ్?" కాలరక్క ముందుకొచ్చింది. "మరి ఈ పట్టీల్నే నమ్మి బొత్తాల పిల్లని వానలోకి గెంటారే! అప్పుడు తప్పైతే దాన్ని చంపింది మీరు. ఇప్పుడు ఒప్పైతే మేమందరం కడుపుతో ఉన్నాం. ఇంతమందికి నర్సేది? మందులేవి? రెండిట్లో ఏదో ఒకటి చెప్పి కదలండి."

ఆఫీసరమ్మ రుమాలు దించలేదు. "ఆత్మనిగ్రహం మీద మంచి పుస్తకాలు తెచ్చాం…"

"థూ!" అంది చేతులత్త. అది పుస్తకాల మీదే పడింది.

ఆపైన ఎవరూ ఎవరి కోసమూ ఆగలేదు. ఇస్త్రీ షెడ్డు మగవాళ్ళు ఇనపకడ్డీ పట్టుకొచ్చారు. కేంద్రం తాళం ఊడిపడింది. బ్యానర్లన్నీ బురదలోకి విసిరేసి, మంచం మీద దుమ్ము దులిపి, నర్సు వచ్చేదాకా కదలమంటూ గదిలోనూ వాకిట్లోనూ కూర్చున్నారు. పోలీసు జీపులో ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఇద్దరు పోలీసులు కాలరక్క రెక్కలు పట్టుకుని ఈడ్చి జీపెక్కించారు.

"అంతా నాటకం ఇన్‌స్పెక్టర్‌గారూ!" అంది ఆఫీసరమ్మ. "వీళ్ళలో నర్సు అవసరం ఎవరికుంది? ఉంటే ఒక్కరు చెప్పమనండి."

కాలరక్క జీపులోంచి అరిచింది. "ఎవరూ నోరు విప్పకండే!"

జేబుల పిల్ల లేచింది. చేతులత్త కొంగు పట్టుకుని లాగినా కూర్చోలేదు.

"నాకుంది," అంది. "ఆ కప్పులన్నీ నావే. నేను కడుపుతో ఉన్నాను. బస్టాండులో చావను. నర్సును పిలిపించండి."

సూపర్‌వైజరు ఆమె మీదికి దూకబోయాడు. చేతులత్త అడ్డం నిలబడింది. ఆమె పక్కన ఇంకొకతె, వెనకాల ఇస్త్రీవాళ్ళు నిలబడ్డారు. కొందరు పోయి జీపు ముందు బైఠాయించారు. సూపర్‌వైజరు వెనక్కి పరిగెత్తి పని గంట కొట్టాడు. మళ్ళీ మళ్ళీ కొట్టాడు. షెడ్డులో ఒక్క మిషనూ తిరగలేదు.