రోజువారీ వాడకానికి చాలు

కృపాజ్యోతికి ఆ ల్యాప్‌టాప్ అమ్మిన నందిగామ షాపాయన అబద్ధమేమీ ఆడలేదు. పదకొండంగుళాల తెర, సంచిలో వేసుకుంటే పుస్తకమంత బరువు, ధర కూడా ప్రైవేటు స్కూలు టీచరమ్మకి అందేంతలోనే ఉంది. "రోజువారీ వాడకానికి చాలు మేడం. మెయిళ్లు, పాఠాలు, వీడియో కాల్స్... ఇంకేం కావాలి?" అన్నాడు. పాపం, ఆయన చెప్పింది కంపెనీవాళ్ల రోజువారీ వాడకం. జగ్గయ్యపేటలో ఒక వీధి వాడకం ఎలా ఉంటుందో ఆ కంపెనీకి ఎవరూ చెప్పినట్టు లేదు.

జ్యోతి రోజూ జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్లి లెక్కలు చెబుతుంది. బస్సులో నిలబడి వెళ్లడం, క్లాసులో నిలబడి చెప్పడం, మళ్లీ నిలబడి రావడం. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగం ఒకటుందని తెలిసి, దానికోసమే ఈ చిన్నదాన్ని కొనుక్కుంది. కొన్న వారమంతా దాన్ని చూసుకుని మురిసిపోయింది. నిజం చెప్పాలంటే ఆమె పనికి అది బాగానే సరిపోయింది. చప్పుడు చేసేది కాదు, చార్జింగు సాయంత్రం దాకా ఆగేది.

చాలనిది వీధికి. ఎదురింటి రసూల్‌బీ మనవరాలి బయోడేటా పట్టుకొచ్చి, "నిమిషం పనే కదమ్మా" అంటూ ఇరవై రెండు ఫొటోలు ఎక్కించింది. చర్చిలో గ్రేసీ అక్క ప్రార్థన కూడికల కరపత్రాలన్నీ పంపింది. ఆపైన ఇరుగుపొరుగు ఆధార్ కార్డులు, కరెంటు బిల్లులు. జ్యోతి అందరికీ టీ ఇచ్చి మరీ ఎక్కించుకుంది. ఆమె మొహమాటానికి హద్దు లేదు గానీ, ల్యాప్‌టాప్‌కి ఉంది: అరవై నాలుగు జీబీ. అందులో సగం అది తన సొంత అవసరాలకే అట్టిపెట్టుకుంటుంది.

ఇక బావగారు. భర్త జయరాజ్‌కి అన్నయ్య, ప్రేమదాసు. కంచికచర్లలో ఇల్లు కట్టి, గృహప్రతిష్ఠ మొత్తం నాలుగు గంటలు వీడియో తీయించాడు, డ్రోను ఎగరేసి మరీ. దాన్ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి మరదలి ల్యాప్‌టాప్‌లో వేయించి, "నీ దగ్గరైతే భద్రంగా ఉంటుందమ్మా" అన్నాడు. ఇక పెన్‌డ్రైవ్‌లో ఎందుకులే అని అందులోది చెరిపేసి, కారులోకి పాటలెక్కించుకున్నాడు. వేరేదాంట్లోకి మార్చుకోమని జ్యోతి మూడుసార్లు నసిగింది. "అన్నయ్యకి అలా చెబితే ఏం బావుంటుంది?" అన్నాడు జయరాజ్. ఆయనకి ఎప్పుడూ అన్నయ్య మొహమే కనబడుతుంది.

శనివారం నాలుగింటికి ఆ ఆన్‌లైన్ ఉద్యోగానికి డెమో క్లాసు. పది నిమిషాలు భిన్నాలు చెప్పి చూపించాలి. ఫోన్లో కుదరదు, ల్యాప్‌టాప్‌లోనే చేరాలి, ఆలస్యమైతే ఇంకో అవకాశం లేదని ముందే రాశారు. మూడున్నరకే ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చుంది. కొత్త వెర్షన్ దించుకోమంది క్లాసు యాప్. చోటు లేదంది ల్యాప్‌టాప్. కావాల్సింది రెండు జీబీ. వీధి సరుకంతా కలిపినా అర జీబీ లేదు. బావగారి ఇల్లు ఒక్కటే ముప్ఫై. ఆమె పాఠాలు వెతికితే గానీ కనబడనంత. సొంతదారుకి దక్కిన వాటా అదీ.

బావగారికి ఫోన్ చేసింది.

"బావగారూ, ఆ వీడియో తీసెయ్యనాండి? డెమో ఉంది, చోటు చాలట్లేదు."

"అయ్యో, అది ముట్టుకోకమ్మా! ఉన్నది ఒక్కటే కాపీ. నీ పాఠాలు తీసెయ్, మళ్లీ రాసుకోవచ్చుగా."

"అవి తీసినా చాలదండి."

"పోనీ సోమవారం పెట్టుకోమను. ఆన్‌లైనే కదా!" అని పెట్టేశాడు.

మూడూ నలభై. వీడియో తెరిచింది. అది ఆగి ఆగి ఆడింది. పాస్టరుగారు, మేడ మీద నీళ్ల ట్యాంకు, బావగారు, మళ్లీ ట్యాంకు, మళ్లీ బావగారు. ఆ రోజు తెల్లారుజాము నుంచి వంటింట్లోనే ఉన్న తను ఎక్కడుందో అని జరిపి జరిపి చూసింది. మూడో గంటలో ఒక్కసారి కనబడింది, సాంబారు బకెట్టు మోసుకుపోతూ. అదీ వీపు.

జ్యోతికి ఒళ్లు మండిపోయింది. వీడియో తీసేసింది. చెత్తబుట్టలోకి వెళ్లాక కూడా అది చోటు ఖాళీ చెయ్యలేదు, బావగారిది కదా. బుట్ట కూడా ఖాళీ చేసింది. కొత్త యాప్ దించుకుంది.

నాలుగింటికి డెమో మొదలైంది. రెండుసార్లు బొమ్మ నిలిచిపోయినా మాట ఆగలేదు, జ్యోతీ ఆగలేదు. చివర్లో వాళ్లు, "వచ్చే నెల ఒకటిన చేరగలరా?" అని అడిగారు. చేరతానంది.

ఆదివారం ఆరాధన అవగానే ప్రేమదాసు వచ్చాడు. మైలవరం చుట్టాలు ఇల్లు చూస్తామన్నారట, వీడియో కావాలట. చేతిలో కొత్త పెన్‌డ్రైవ్.

"లేదండి, నిన్న తీసేసా," అంది జ్యోతి.

"తీసేశావా? ఎవర్నడిగి? నా ఇల్లంతా పోయిందిగా!"

జయరాజ్ గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు. జ్యోతే జవాబు చెప్పింది.

"ఇల్లెక్కడికి పోతుంది బావగారూ, కంచికచర్లలోనే ఉందిగా. నా ల్యాప్‌టాప్‌లో మాత్రం ఇక ఉండదండి."