శాలువా కొలత

“సంతకి పోతే పోయావు గానీ, మాకింత అన్నం పడేసి పోతావా లేదా అమ్మాయ్?” అంది హన్నమ్మ మంచం మీద నుంచి లేవకుండానే.

రిబ్కా అప్పటికే అన్నం వార్చింది. పప్పు దించింది. దొండకాయ వేపుడు మీద మూత పెట్టింది. అత్తగారికి ఆ సంగతి తెలుసు. తాలింపు వాసన ఇల్లంతా తిరుగుతూనే ఉంది. అయినా అడగాలి. అడక్కపోతే కోడలు తనంతట తనే చేసిందన్న మాట మిగిలిపోతుంది.

“అన్నీ పొయ్యి పక్కనే ఉన్నాయి అత్తయ్యా.”

“ఆ చింకి గుడ్డలు కొనేవాళ్ళు కూడా ఉన్నారా తిరువూరులో?”

“ఉన్నారంటమ్మా,” అన్నాడు ప్రేమ్ కిరణ్ అద్దం ముందు తల దువ్వుకుంటూ. “నీకు తెలీదులే, ఊరుకో.”

ఆ ఒక్క మాటకే రిబ్కా కడుపు నిండిపోయింది. పెళ్ళయ్యాక తన తరపున ఆయన అమ్మకి ఎదురు చెప్పడం ఎన్నిసార్లు చూసిందని! ఎరువుల కొట్లో గుమాస్తా పని ఆయనది. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా చేతికి అందించాలి. అలాంటి మనిషి ఆమె కుట్టిన బొంతలకి ఫోటోలు తీశాడు. విజయవాడలో కొట్టున్న ప్రమీలారాణి గారికి పంపాడు. హస్తకళల సంత పెడుతున్నారని తెలిసి, కమిటీ వాళ్ళ చుట్టూ తిరిగి స్టాలు పెట్టించాడు. “నువ్వు కుట్టు. మిగతాది నేను చూసుకుంటాను,” అన్నాడు. ఆ మాట ఆమె ఎన్నాళ్ళో మనసులో తిప్పుకుంది. ప్రార్థనలో కూడా చెప్పుకుంది.

బొంత కుట్టడం పెనుగొలనులో పుట్టింటి దగ్గర నేర్చుకుంది. పత్తి తీతకి పోయే ఆడవాళ్ళ పాత చీరలే సరుకు. చీర ముందుగా చిరిగేది నడుం దగ్గర, దోపుకునే చోట. కొంగు మాత్రం కొత్తదానిలా ఉంటుంది. అందుకని నడుం ముక్క లోపలి పొరకి, కొంగు ముక్క పైకి. ఏ చీర చూసినా ఆ ఆడమనిషి ఎక్కడ ఒంగిందో, ఎక్కడ బరువు మోసిందో రిబ్కాకి తెలిసిపోయేది. మధ్యాహ్నం అందరూ తిని పడుకున్నాక, అంట్లు తోమేసి, ఆ ఇంట్లో ఎవరికీ అక్కర్లేని వేళ ఒకటి ఉంటుంది చూడండి, ఆ వేళలో నేల మీద చీరలు పరుచుకుని కూర్చునేది. సూది వేలికి గుచ్చుకుంటే, ఎవరైనా లేస్తారేమోనని అబ్బా అని కూడా అనేది కాదు. మోకాళ్ళు పట్టేసేవి. కానీ లేవబుద్ధయ్యేది కాదు. వండింది సాయంత్రానికి ఉండదు. ఉతికింది మర్నాటికి ఉండదు. ఆమె చేసిన వాటిలో నిలబడి ఉండేది ఇదొక్కటే.

ప్రమీలారాణి గారు ఫోన్లో మాట్లాడిన రోజు ఆమెకి కాళ్ళు నేల మీద ఆనలేదు. “కాళ్ళ మీద కప్పుకునే ఆ చిన్న బొంతలు బాగున్నాయమ్మా. సంత రోజు మధ్యాహ్నం వచ్చి చేత్తో పట్టుకుని చూస్తాను. నచ్చితే మా కొట్లో పెడతాను,” అందావిడ. రిబ్కాని చూడటానికంటూ ఒక మనిషి ఊరు దాటి రావడం అదే మొదలు.

కాలేజీ గ్రౌండులో ఎండ పొద్దున్నే చురుక్కుమంటోంది. రిబ్కా దడికి తాడు కట్టి పెద్ద బొంతలు ఆరేసింది. చిన్నవి బల్ల మీద పేర్చింది. పక్క స్టాలులో తాటాకు బుట్టల రావమ్మ చూసి, “పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినట్టు చేశావే,” అని నవ్వింది.

ప్రేమ్ కిరణ్ తెల్లచొక్కా జేబుకి రిబ్బను పువ్వు పెట్టుకుని వచ్చాడు.

“ఆ చిన్నవి ఇటియ్యి. స్టేజీ మీద చూపిస్తారంట.”

“అన్నీనా అండి?”

“అన్నీ చూపిస్తేనేగా అందం!”

రిబ్కా సంబరంగా అందించింది. నీలం గళ్ళది అడుగున పడితే పైకి తీసి పెట్టింది. “ఇది ముందు చూపించమనండి. పనితనం దీంట్లోనే ఉంది,” అంది. తన చేత్తోనే ఇచ్చింది. ఆ తర్వాత ఆమెని ఎక్కువగా కోసింది అదే.

మైకులో పేర్లు పిలవడం మొదలైంది. ముందు కమిటీ ఛైర్మన్ జగన్నాథరావు గారు. మామిడి తోటల ఆసామి. ఆయన లేచి నిలబడి తల కాస్త వంచాడు. ప్రేమ్ కిరణ్ నీలం గళ్ళ బొంత విప్పి ఆయన భుజాల చుట్టూ కప్పాడు. చప్పట్లు కొట్టారు. ఫోటో తీశారు.

“అదేంటే, ఆయనకి బొంత కప్పారు!” అంది రావమ్మ. “ఈ ఎండలో! చలిజ్వరం గానీ వచ్చిందా ఏంటి?”

రిబ్కాకి కూడా నవ్వొచ్చింది. శాలువాలు అందలేదేమో, ఆ పూటకి సర్దుకున్నారేమో అనుకుంది. ఎరుపుది ఒక పెద్దాయనకి, పసుపుది పాస్టరు గారికి, ఆకుపచ్చది ఇంకెవరో డాక్టరు గారికి. ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి కప్పుతున్నారు. అప్పుడు మైకాయన అన్నాడు: “ఈసారి శాలువాలు కొనలేదండి. మన పెద్దల సన్మానానికి ఈ అందమైన బొంతల్ని రైతుల సహకార సొసైటీ ఎన్నికల్లో నిలబడుతున్న మన తమ్ముడు ప్రేమ్ కిరణ్ గారు కానుకగా ఇచ్చారు!”

చివరికి జగన్నాథరావు గారే ఒక బొంత తీసి ప్రేమ్ కిరణ్‌కి కప్పాడు.

రిబ్కా నవ్వు ఆగిపోయింది. ఆ మధ్య ఒక సాయంత్రం ఇంట్లో ఆయన చిన్న బొంత తీసుకుని భుజాల మీద వేసుకుని అద్దంలో చూసుకోవడం గుర్తొచ్చింది. “ఇంకొంచెం పొడుగుండాలి. అటూ ఇటూ ముందుకి దిగాలి,” అన్నాడు. ఏసీ కార్లలో కాళ్ళ మీద వేసుకునే వాళ్ళకి బాగుంటుందని చెప్పాడు. తన పని మీద ఆయనకి ముచ్చట కలిగిందని ఆమె మురిసిపోయింది. ఆ ముచ్చట కోసం కుట్టినవి విప్పి, మళ్ళీ అంచు చేర్చింది. అది కాళ్ళ కొలత కాదు. భుజాల కొలత. ఫోటోలు, స్టాలు, అమ్మకి చెప్పిన ఎదురుమాట, అన్నీ ఈ స్టేజీ ఎక్కడానికి వేసుకున్న మెట్లు. మెట్టు మెట్టుకీ ఆమె నడుం వంచింది. తిట్టినా కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదేమో. ఎందుకంటే ఆమె నమ్మింది. అందరిలోకీ ఆయన్నే నమ్మింది.

సన్మానం అయ్యాక ప్రేమ్ కిరణ్ బొంత భుజాన ఉండగానే స్టాలు దగ్గరికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

“చూశావా ఎట్టా పేలిందో!”

“ప్రమీలారాణి గారొస్తారు కదండీ. ఏం చూపించను?”

“మళ్ళీ కుట్టుకోవచ్చులేవే. ఇంట్లో ఉండేదానివేగా.”

“నన్నొక్క మాట అడగాల్సింది.”

“అడిగితే ఇవ్వనంటావా ఏంటి? నా గౌరవం నీది కాదా?”

అప్పుడే ప్రమీలారాణి గారు వచ్చారు. కళ్ళజోడు తుడుచుకుని పెద్ద బొంతల కుట్టు వేలితో తడిమి చూశారు. “బాగుందమ్మా. నేను అనుకున్న చిన్నవేవి?”

“అవి పెద్దవాళ్ళకి గిఫ్టు ఇచ్చేశామండి,” అన్నాడు ప్రేమ్ కిరణ్ రిబ్కా కంటే ముందే. “ఎన్ని కావాలంటే అన్ని కుట్టి పంపిస్తాం మేడం. మా ఆవిడకి ఖాళీయే. టైంపాస్‌కి కుడుతుంటుంది.”

ఖాళీ. ఆ మాట ఆమెలో ఎక్కడో లోపలి పొరలో దిగింది. ఎవరి భుజం కొలతకీ ఇక సూది పట్టకూడదనుకుంది. గట్టిగా కూడా అనుకోలేదు. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టు తన మనసుని చూసుకుంది. అయిపోయింది.

“ఒక్క అయిదు నిమిషాలు కూర్చోండమ్మా. తెస్తాను,” అంది ఆవిడతో.

స్టేజీ మీద పెద్దలు కూల్‌డ్రింకులు తాగుతున్నారు. బొంతలు కొన్ని కుర్చీల వీపుల మీద, ఒకటి నేల మీద. రిబ్కా ఒక్కొక్కటే తీసుకుని దులిపి చేతి మీద వేసుకుంది. పాస్టరు గారు, “ఏంటమ్మా?” అన్నారు. “వందనాలండి. ఇవి అమ్మకానికి తెచ్చినవి. పొరపాటున మీకు కప్పారు,” అంది. ఆయన తడబడి తన భుజం మీదది తీసిచ్చేశారు.

జగన్నాథరావు గారు మాత్రం నీలం గళ్ళ బొంత అంచు పట్టుకుని, “మీ ఆయన ఇచ్చాడు కదమ్మా,” అన్నాడు.

“ఆయనవి కాదండి, ఇవ్వడానికి. నేను కుట్టాను. నచ్చితే స్టాలు దగ్గరికి రండి. అక్కడ అమ్ముతాను.”

ఆయన ఒక్క క్షణం ఆమె మొహం చూశాడు. బొంత తీసి చేతికిచ్చాడు. డాక్టరు గారు అప్పటికే ఆకుపచ్చది కారులో వేసుకుని వెళ్ళిపోయాడు. అది పోయినట్టే.

ప్రేమ్ కిరణ్ మెట్ల దగ్గర అడ్డం వచ్చాడు. “నలుగురిలో నా మొహం ఎట్టా చూపించుకోవాలే? పరువు తీశావు!” అన్నాడు పళ్ళ బిగువున.

రిబ్కా చెయ్యి చాచింది.

“ఏంటి?”

“మీ మీదది.”

ఆయన చుట్టూ చూశాడు. జనం చూస్తున్నారు. బొంత విసురుగా లాగి ముద్ద చేసి ఆమె చేతిలో పెట్టబోయాడు.

రిబ్కా చెయ్యి వెనక్కి తీసుకుంది.

“మడతపెట్టి ఇవ్వండి.”

ప్రేమ్ కిరణ్ బొంత రెండు కొసలూ పట్టుకుని నిలబడ్డాడు. ఏ కొస దేనికి కలపాలో తెలియలేదు. ఒకసారి అంచు జారింది. మళ్ళీ ఎత్తాడు. అవతల ప్రమీలారాణి గారు ఎదురుచూస్తున్నారు. అయినా రిబ్కా తొందరపడలేదు, సాయం పట్టలేదు. కొసకి కొస కలిసేదాకా నిలబడే ఉంది.