వృద్ధ యూజర్ పొరపాటు

"అమ్మాయ్, ఇదేదో అడిగింది. సరే అన్నాను!"

హాల్లోంచి అత్తగారి కేక వినబడేసరికి ఆమె మోచేతుల దాకా సబ్బు నురగతో, మాడిన కుక్కర్ అడుగు గీకుతోంది. గుండె జారి సింకులో పడింది. అత్తగారికి కంప్యూటరంటే భయం లేదు, అదే వచ్చిన చిక్కు. తెర మీదికి ఏ పెట్టె వచ్చి ఏమడిగినా చదవకుండా 'సరే' నొక్కేస్తుంది. ఎందుకత్తయ్యా అంటే, "గుమ్మంలోకొచ్చి అడిగినవాణ్ణి కాదని పంపేస్తామా?" అంటుంది. మర్యాద తప్పని మనిషి.

ఈసారి అడిగింది అప్‌డేట్. అది సగం దాకా వచ్చింది. ఆ సగంలో అత్తగారి కొడుకు, అంటే ఆమె భర్త, వచ్చి, "ఎవరూ చూడని దానికి కరెంటు దండగ," అని గోడ మీది స్విచ్ ఆపేశాడు. మళ్లీ వేస్తే ఏముంది? నల్లటి తెర, మూలన మిణుకు మిణుకుమంటూ ఒక తెల్ల గీత.

"నీ కంప్యూటరు, నువ్వే చూసుకో," అన్నాడు భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "మా అమ్మ ముట్టుకుంటేనే పడిపోయేదాన్ని ఊరి మీదికి ఎలా వదుల్తారో మీ ఆఫీసువాళ్లు!"

ఎగతాళికే అన్నాడు కానీ, అన్నది నిజం. అందుకే ఆమెకి మరీ మండింది. చేయి తుడుచుకుని నోటుపుస్తకంలో తేదీ వేసి, ఎప్పట్లాగే 'వృద్ధ యూజర్ పొరపాటు' అని రాసుకుంది. ఇవాళ శుక్రవారం. సాయంత్రం ఐదింటికి కొత్త వెర్షన్ విడుదల. అది వెళ్లే తొమ్మిది వందల కంప్యూటర్లలో ఎన్ని ఇలా నోరు తెరుచుకుని పడుంటాయో తల్చుకుంటే, టిఫిన్ డబ్బా మీద మూత పెట్టబోయి చెంచా పెట్టింది.

ఆమె పనిచేసేది బట్టల దుకాణం పైన రెండు గదుల ఆఫీసులో. కంప్యూటర్‌ని నడిపే, ఎవరైనా తీసుకుని మార్చుకోగలిగిన లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ని మామూలు మనుషులు వాడుకునేలా తీర్చి, పాత కంప్యూటర్లలో వేసి బడులకీ, గ్రంథాలయాలకీ, చిన్న ఆసుపత్రులకీ ఇస్తారు. అక్కడి నలుగురు మగవాళ్లూ 'కట్టేవాళ్లు'. ఆమె 'చూసుకునేది'. ఫిర్యాదులు చూసుకోవాలి, దొంగలు దూరే కంతలు పూడ్చుకోవాలి, అప్‌డేట్లు పంపాలి. ఇంట్లోనూ అంతే. ఇల్లు ఎవరిదంటే భర్త పేరు చెబుతారు, ఇంట్లో ఉప్పెక్కడుందంటే ఆమెని పిలుస్తారు. వాళ్ల వంశంలో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. ఉద్యోగంలో చేరిన రోజు తండ్రి, "చెప్పిన పని కాదనకు తల్లీ, మనకి దొరకడమే ఎక్కువ," అన్నాడు. ఆరేళ్లుగా కాదనలేదు.

ఆఫీసు పెద్దని వెనకాల అందరూ కెర్నెల్‌గారంటారు. వాన గురించి మాట మొదలుపెట్టినా, కంప్యూటర్‌కి గుండెకాయలాంటి ఆ కెర్నెల్ దగ్గరికి తెచ్చి ముగిస్తాడు. ఆమె పొద్దున జరిగింది చెప్పి, "అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే మన మిషన్ లేవట్లేదు సార్. మొన్న ఆ ఆసుపత్రి నర్సు కూడా ఇదే రాసింది. రోజంతా రోగుల వివరాలు చేత్తో రాసుకున్నారట. నేను చేసిన 'వెనక్కి' ఈ విడుదలలోనే పెడదాం," అంది.

మూడు నెలల ఆదివారాలు పోసి చేసిందది. అప్‌డేట్ చెడితే కంప్యూటర్ దానంతటదే నిన్నటి స్థితికి వెళ్లిపోతుంది. దాంతోపాటు, అనుమతులడిగే పెట్టెలన్నిటినీ కూర్చుని మామూలు మాటల్లో తిరగరాసింది.

"అదంతా ఇంటిపనమ్మా, తర్వాత చూద్దాం," అన్నాడు కెర్నెల్‌గారు. "ఈసారి మన ఆకర్షణ ఏంటి? కిటికీలు మూస్తే కాగితంలా నలిగి మాయమవుతాయి! అయినా మీ అత్తగారి కోసం మనం ఆపరేటింగ్ సిస్టమ్ రాయట్లేదు."

"మరెవరి కోసం సార్?"

కెర్నెల్‌గారు కాగితంలా నలిగే కిటికీని ఇంకోసారి తెరిచి మూసి చూపించాడు.

నాలుగు గంటలకి అన్నీ సిద్ధమయ్యాయి. మిగిలింది డిజిటల్ ముద్ర ఒక్కటే. అది లేనిదే ఏ కంప్యూటరూ కొత్త వెర్షన్‌ని లోపలికి రానివ్వదు. ఆ ముద్ర వెయ్యాలంటే ముప్ఫై అక్షరాల రహస్య వాక్యం కావాలి. విసుగు పని కాబట్టి, "నువ్వు జాగ్రత్త మనిషివి," అంటూ ఎప్పుడో ఆమెకి అంటగట్టారు. వాక్యం ఆమె తలలో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ సంగతి ఆమెతో సహా ఎవరికీ పెద్దగా తోచలేదు, ఆ క్షణం దాకా.

"ముద్ర వేసెయ్యమ్మా."

"వెయ్యను సార్."

గొంతు తనదేనా అని ఆమెకే అనుమానమొచ్చింది.

"ఇదేంటి, ఆడపిల్లలా అలుగుతావు?"

"అలిగినవాళ్లు అన్నం మానేస్తారు సార్. నేను డబ్బా ఖాళీ చేసే వచ్చాను. ఇది లేవని మిషన్. దీని మీద నా ముద్ర వెయ్యను."

కెర్నెల్‌గారు ఎర్రబడ్డాడు. "అంతటి ఘటికురాలైతే పిలిపించు మీ అత్తగార్ని! మా ముందు పడగొట్టమను, చూద్దాం."

అత్తగారు బస్సెక్కి, కళ్లజోడు తుడుచుకుంటూ అరగంటలో దిగింది. పక్కపక్కనే రెండు కంప్యూటర్లు. ఎడమది విడుదలకి సిద్ధమైనది, కుడిది ఆమె సరిచేసింది. అత్తగారు ఎడమదాని ముందు కూర్చుని, నాలుగు నిమిషాల్లో తొమ్మిదిసార్లు 'సరే' నొక్కింది.

"చదివి నొక్కండమ్మగారూ," అన్నాడు వాళ్లలో చిన్నవాడు ఉండబట్టలేక.

"చదివితే అనుమానాలొస్తాయి నాయనా," అంది అత్తగారు, పదోదైన అప్‌డేట్ పెట్టెని నొక్కుతూ. అది మెల్లగా ఎక్కడం మొదలుపెట్టింది.

కుడిదాని దగ్గర కూడా అదే జోరు. కానీ రెండో పెట్టె దగ్గర చెయ్యి ఆగింది. అక్షరాలు పెద్దవి. పెదాలు కదుపుతూ పైకే చదివింది: "'కొత్త ప్రోగ్రాం ఒకటి మీ ఫైళ్లన్నీ చూస్తానంటోంది. మీరు వద్దన్నా ఏదీ పాడవదు.'" కళ్లజోడు తీసి కోడలి వైపు తిరిగింది. "వద్దన్నా ఏదీ పాడవదటే! ఈ ముక్క నాకు ఇన్నేళ్లలో ఒక్కరు చెప్పి చావలేదు."

'వద్దు' నొక్కింది. ఏదీ పాడవలేదు. ఇంకోటి వస్తే దానికీ 'వద్దు' నొక్కింది, మహా సంబరంగా. మూడోది అప్‌డేట్, దయతలచి ఒప్పుకుంది. ఆ ఉత్సాహంలో కుర్చీ వెనక్కి జరిపేసరికి కాలికి తీగ తగిలి, రెండు మిషన్లకీ కలిపి ఉన్న ఒక్క ప్లగ్గూ ఊడొచ్చింది.

చిన్నవాడు పరుగెత్తి మళ్లీ పెట్టాడు. ఎడమ తెర నల్లగా, మూల గీతతో నిలబడింది. కుడి తెర నిమిషంలో వెలిగింది: 'అప్‌డేట్ మధ్యలో ఆగింది. నిన్నటి స్థితికి వచ్చేశాను. మీ ఫైళ్లన్నీ భద్రం.'

"ఇది సంసారపక్షం," అంది అత్తగారు కుడిదాన్ని తట్టి. "అది మూతి ముడుచుకు కూర్చుంది. మీ మావయ్య పోలిక."

కెర్నెల్‌గారు ఎడమదాని స్విచ్ రెండుసార్లు ఆపి వేసి చూశాడు. మనిషి మొండివాడే కానీ అబద్ధాలకోరు కాదు. "సరే, కుడిదే పంపుదాం," అన్నాడు. "విడుదల పత్రంలో 'మా బృందం కృషి' అని వేసి ముద్ర కొట్టు."

"బృందం కాదు సార్. నా పేరు వెయ్యాలి."

"బాగుంది! రేపు మీ అత్తగారి పేరు కూడా వెయ్యమంటావేమో!"

నలుగురూ పడీపడీ నవ్వారు. ఆమె కూడా నవ్వబోయింది. పక్కన తెరిచి ఉన్న నోటుపుస్తకం కేసి చూసింది. రెండేళ్లలో నలభై మూడు చోట్ల 'వృద్ధ యూజర్ పొరపాటు'. ఆ నలభై మూడు లేకపోతే తనకి తెలిసేదేంటి? అత్తగారికి కూలీ లేదు, పేరు లేదు, పైగా తప్పు ఆవిడదే అని తను రాసి పెట్టింది. కెర్నెల్‌గారు ఆరేళ్లలో తనకి చేసింది ఇంతకంటే ఎక్కువేం కాదు.

విడుదల పత్రంలో 'రచన' అన్న చోట తన పేరు కొట్టింది. దాని కింద 'పరీక్షించినవారు' అని కొత్త గీత ఒకటి గీసింది.

"అత్తయ్యా, మీ పూర్తి పేరు చెప్పండి."

అత్తగారు కళ్లజోడు సర్దుకుంది. "ఇంటిపేరు పుట్టింటిదా, ఇక్కడిదా?" అంది, నెమ్మదిగా.

"మీకేది కావాలంటే అది."

కెర్నెల్‌గారు గడియారం చూశాడు. ఐదుకి రెండు నిమిషాలు. అత్తగారు ఆయన వైపు చూడనైనా లేదు. కుర్చీ ముందుకి లాక్కుంది.

"జరుగు అమ్మాయ్. నేనే కొట్టుకుంటాను."

ఒంటి వేలితో అక్షరం వెంట అక్షరం వెతుక్కుంటూ, ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ పిలవగా కోడలు వినని పేరొకటి కొడుతోంది. ఐదు దాటింది. కోడలు పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది. ముద్ర వెయ్యాల్సింది తనే కాబట్టి, తొందరేం లేదు.